రాని సంచికలు ఎక్కడ ఆగిపోయాయి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ నాన్నగారు హామ్ రేడియో ఆపరేటర్, అంటే లైసెన్సు తీసుకుని సొంత రేడియో మీద సరదాకి ఇతరులతో మాట్లాడే మనిషి. అలాంటివాళ్ళనే హామ్‌లు అంటాం. 1986 నుంచి ఒక అమెరికా మాసపత్రిక, ఒక ఇంగ్లండు మాసపత్రిక తెప్పించుకుని, ఏ ఏడాదివి ఆ ఏడాది బైండు చేయించి భీమవరంలో ఇంట్లో దాచుకున్నారు. 2020 ఏప్రిల్ నుంచి 2021 ఆఖరు దాకా రెండింటివీ కలిపి 17 సంచికలు రాలేదు. పోస్ట్‌మన్ పాత కాగితాల కొట్టుకు అమ్ముకున్నాడేమోనని నాన్నగారికి అనుమానం. అప్పటినుంచి ఆయనతో మాటల్లేవు. ఇప్పుడు నాన్నగారికి 76 ఏళ్ళు. బీరువాలో ఆ ఖాళీ చూసినప్పుడల్లా బాధపడుతున్నారు. అవి ఏమయ్యాయి, ఇప్పుడైనా దొరుకుతాయా, కట్టిన డబ్బు సంగతేమిటి, ఇకముందు ప్రింటు పత్రికకే కట్టాలా అన్నవి మీ ప్రశ్నలు.

నేను 1991 నుంచి విదేశీ రేడియో పత్రికలు తెప్పించుకుంటున్నాను. ఆ రెండేళ్ళలో నాకూ 11 సంచికలు రాలేదు. ఒక్కొక్కటే వెతుక్కుంటూ 8 సంపాదించాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

పోస్ట్‌మన్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మిగతావన్నీ నిదానంగా చేసుకోవచ్చు గానీ ఇది ఆలస్యం చేయకూడదు. ఆయన తప్పు ఉండే అవకాశం చాలా తక్కువ. విదేశం నుంచి మామూలు టపాలో వచ్చే పత్రికకు రిజిస్టర్ నంబరు ఉండదు. దారిలో ఎక్కడ ఆగినా ఎవరికీ తెలియదు. దాన్ని చేత్తో పట్టుకుని మన గుమ్మం దాకా వచ్చే మనిషి ఆ పోస్ట్‌మన్ ఒక్కడే కాబట్టి, అనుమానం కూడా ఆయన మీదే పడుతుంది. 2020 వేసవిలో అందరం తలుపులు వేసుకుని కూర్చుంటే పోస్ట్‌మన్‌లు మందుల పార్సిళ్ళు మోశారు, పల్లెల్లో ఇంటిముందే వేలిముద్ర వేయించుకుని బ్యాంకు డబ్బులు చేతికిచ్చారు. అటువంటి రోజుల్లో ఆయన మీద పెట్టుకున్న అనుమానం ఇది. ఈ కింద రాసింది నాన్నగారికి చదివి వినిపించండి. ఆయన టెక్నికల్ మనిషి, సిగ్నల్ ఎక్కడ తెగిందో చూపిస్తే ఒప్పుకుంటారు.

పత్రిక ప్రెస్సులో అచ్చయ్యాక విదేశీ కాపీలను సాధారణంగా ఒక్కొక్కటిగా పోస్టులో వేయరు. చాలామంది ప్రకాశకులు వాటిని మెయిలింగ్ సంస్థకు ఒప్పచెబుతారు. వాళ్ళు కవర్లలో పెట్టి, చిరునామా లేబుల్ అంటించి, దేశాలవారీగా సంచుల్లో కడతారు. ఆ సంచులు అమెరికాలో అయితే చికాగో, న్యూయార్క్ వంటి చోట్ల ఉన్న అంతర్జాతీయ టపా కేంద్రాలకు, ఇంగ్లండులో అయితే హీత్రో దగ్గరి కేంద్రానికి చేరతాయి. కొన్నిసార్లు చవక అని మూడో దేశం పోస్టాఫీసు ద్వారా కూడా పంపుతారు. పాత కవర్లు దాచుంటే ఒకసారి చూడండి: ఇంగ్లండు పత్రిక మీద ఐరోపాలోని వేరే దేశం ముద్ర కనిపించవచ్చు. అక్కడినుంచి విమానంలో మన దేశానికి వస్తుంది. ముంబయి, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా వంటి చోట్ల ఫారిన్ పోస్టాఫీసులు ఉన్నాయి. అక్కడ కస్టమ్స్ చూశాక మన ఊరి సంచిలో పడుతుంది.

ఇందులో విమానం అంటే సరుకు విమానం అనుకుంటాం. చాలాసార్లు కాదు. ప్రయాణికులు కూర్చునే విమానాల కింది అరలో, సూట్‌కేసుల పక్కన, టపా సంచులు వస్తాయి. కరోనాకు ముందు ప్రపంచంలో విమానాల్లో తిరిగే సరుకులో సుమారు సగం ఇలా ప్రయాణికుల విమానాల్లోనే వెళ్ళేది. మన ప్రభుత్వం 2020 మార్చి 22 నుంచి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలను ఆపేసింది. 25 నుంచి లాక్‌డౌన్. దేశంలోపలి విమానాలూ ఆగిపోయాయి, మళ్ళీ మే 25న గానీ మొదలుకాలేదు. ప్రయాణికుల రైళ్ళు లేవు, కాబట్టి రైళ్ళలో నడిచే టపా సార్టింగ్ కూడా పార్సిల్ రైళ్ళ మీద, రోడ్డు బళ్ళ మీద ఆధారపడాల్సి వచ్చింది. మే 7న విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళను తెచ్చే వందే భారత్ విమానాలు, జులైలో పరిమితంగా విమానాలు నడుపుకునేందుకు కొన్ని దేశాలతో ఎయిర్ బబుల్ ఒప్పందాలు మొదలయ్యాయి. మామూలు షెడ్యూలు విమానాలు తిరిగి వచ్చింది మాత్రం 2022 మార్చి 27న. మీ నాన్నగారి ఖాళీలన్నీ 2020 మార్చి 22కూ ఈ తేదీకీ మధ్యే ఉన్నాయి, గమనించండి.

ఎగిరిన ఆ కొద్ది విమానాల్లో చోటు కోసం మాస్కులు, మందులు, ఆక్సిజన్ పరికరాలు పోటీపడ్డాయి. కిరాయిలు విపరీతంగా పెరిగాయి. టపాలో మళ్ళీ వరస ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ కవర్లు ముందు, ఆ తర్వాత పార్సిళ్ళు, రిజిస్టర్ ఉత్తరాలు, మామూలు ఉత్తరాలు. అచ్చు కాగితాలను ఎకానమీ తరగతిలో పంపితే చిట్టచివర, చోటు మిగిలితేనే. పత్రిక ఆ చివరి తరగతి ప్రయాణికుడు. ఇది మన దేశానికే జరిగింది కూడా కాదు. 2021 సెప్టెంబరులో అమెరికా తపాలా శాఖ ఆస్ట్రేలియాకు టపా తీసుకోవడమే కొంతకాలం ఆపేసింది.

నాన్నగారు ఇక్కడ ఒక మాట అడుగుతారు, నాకు తెలుసు. "మా రోజుల్లో ఓడలో వచ్చేవి కదా, ఓడలు ఆగలేదు కదా?" నిజమే. నా మొదటి సంచికలు ఓడలోనే వచ్చాయి. రెండు మూడు నెలలు పట్టేది. దీపావళికి వేసవి సంచిక చదివేవాళ్ళం. ఆలస్యమే గానీ వచ్చేవి. అమెరికా తపాలా శాఖ 2007 మేలో విదేశాలకు ఓడ టపా తీసేసింది. అప్పటినుంచి అమెరికా టపాలో ఎంత చవక తరగతి అయినా విమానమే ఎక్కాలి. దానివల్ల పత్రిక మూడు నాలుగు వారాల్లో చేతికి రావడం అలవాటై అందరం సంతోషించాం. విమానం ఆగిన రోజున వేరే దారి లేకుండా పోయింది.

ఇక మీ పని మొదలుపెట్టాల్సింది ఇక్కడినుంచి. ఆ 17 అన్న లెక్క సరిచూడండి. రాని సంచికలన్నీ పోయినవి కావు.

నెలల పేర్లతో లెక్కపెడితే పొరపాటు వస్తుంది. ఆ కాలంలో కొన్ని పత్రికలు రెండు నెలలు కలిపి ఒకే సంచిక వేశాయి. లోపలి పేజీలో సంపుటి, సంచిక నంబర్లు ఉంటాయి. ఖాళీకి ముందు వచ్చిన సంచిక నంబరు, తర్వాత వచ్చినదాని నంబరు పక్కపక్కన రాయండి. మే సంచిక 5, ఆ తర్వాత చేతికొచ్చినది 6 అయి దాని మీద జులై అని ఉంటే, జూన్ సంచిక పోలేదు, అసలు పుట్టలేదు. నా జాబితాలో ఒకటి ఇలాగే తగ్గింది.

తర్వాత లేబుల్ చూడండి. చిరునామా పైన చిన్న అక్షరాల్లో చందా ముగిసే నెల అచ్చు వేస్తారు. నాన్నగారు చందా ఎలా కట్టేవారు? నేను అప్పట్లో ఒకదానికి ఫారం నింపి టపాలో పంపేవాడిని. 2020 మార్చి మొదటి వారంలో పంపిన ఫారం వాళ్ళకు చేరింది ఆగస్టులో. మధ్యలో చందా అయిపోయింది. నాకు రాని 11లో మూడు సంచికలు దారిలో పోయాయని నెలలపాటు టెన్షన్ పడ్డాను, నిజానికి నా పేరున లేబులే అచ్చు కాలేదు. ప్రకాశకులకు ఒక ఈమెయిలు పెడితే ఏ నెల నుంచి ఏ నెల దాకా మీ పేరున పంపారో రికార్డు చూసి చెబుతారు. చందాదారు నంబరు లేబుల్ మీదే ఉంటుంది, అది తప్పకుండా రాయండి. ఫిర్యాదులా కాకుండా, "మా నాన్నగారి సెట్టు పూర్తి చేయాలనుకుంటున్నాను" అని రాయండి. అటువైపు చదివేది కూడా చాలాసార్లు ఒక హామే. పూర్తి సెట్టు అంటే ఏమిటో వాళ్ళకు తెలుసు.

చిరునామా కూడా ఒక కారణం కావచ్చు. అక్కడి లేబుల్లో నాలుగైదు పొట్టి వరసలే పడతాయి. మన చిరునామాల్లో డోర్ నంబరు, రామాలయం వీధి, ఫలానా గారి ఇంటి ఎదురుగా, మండలం, జిల్లా అన్నీ ఉంటాయి. వరస నిండాక మిగిలింది తెగిపోతుంది. నాకు ఒకసారి పిన్‌కోడ్‌లో చివరి అంకె తెగిన లేబుల్ వచ్చింది. మామూలు రోజుల్లో మన సార్టింగ్ వాళ్ళు పేరు చూసి గుర్తుపట్టి పంపేస్తారు. కొత్త మనుషులు, సగం స్టాఫ్‌తో నడిచిన రోజుల్లో అది కుదరదు. పేరు, డోర్ నంబరు వీధి, ఊరు పిన్‌కోడ్, ఇండియా. ఇంతే ఉంచి, వీలైతే ఒక వరసలో మొబైల్ నంబరు చేర్పించండి. జిల్లా పేరు మారినా, రాష్ట్రం పేరు మారినా కంగారు లేదు. హైదరాబాద్ మిత్రుడికి 2014 తర్వాత కూడా చాలాకాలం ఆంధ్రప్రదేశ్ అని ఉన్న లేబుల్‌తోనే వచ్చేవి. పిన్‌కోడ్ సరిగా ఉంటే చాలు.

ఇలా వడపోశాక 17లో నిజంగా పోయినవి పదో పన్నెండో తేలతాయని నా అంచనా. వాటికోసం ఏం చేయాలంటే, మొదట ప్రకాశకుల దగ్గర పాత సంచికల నిల్వ అడగండి. రాని సంచిక మళ్ళీ పంపమని అడగడానికి మామూలుగా కొన్ని నెలల గడువే ఉంటుంది, అది దాటిపోయింది. అయినా మహమ్మారి కాలపు సంచికలంటే చాలామంది సానుభూతితో చూస్తారు, లేదంటే డబ్బుకు అమ్ముతారు. పంపేటప్పుడు విడివిడిగా వద్దనండి. అన్నీ ఒకే ప్యాకెట్‌గా, ట్రాకింగ్ నంబరుతో పంపమనండి. నేను మొదట ఆత్రంగా ఒక్కొక్కటీ మళ్ళీ పంపించుకున్నాను. 2020 నవంబరులో ఒకరోజు మా పోస్ట్‌మన్ అయిదు సంచికలు సుతిలి తాడుతో కట్టి తెచ్చారు, ఏప్రిల్‌ది అన్నిటికంటే అడుగున ఉంది. ఆ తర్వాత నేను అడిగి తెప్పించుకున్న రెండో కాపీలూ వచ్చాయి. అందుకే కొన్ని నెలలవి నా దగ్గర రెండేసి ఉన్నాయి.

అమెరికాలో మీ బంధువులు ఎవరైనా ఉన్నారా? గోదావరి జిల్లాల్లో లేని ఇల్లు తక్కువ. అక్కడ హామ్‌ఫెస్ట్‌లని రేడియో సంతలు జరుగుతాయి. అన్నిటికంటే పెద్దది డేటన్ హామ్‌వెన్షన్, 2017 నుంచి ఒహాయోలో జీనియా ఊళ్ళో మే నెలలో జరుగుతోంది. 2020లో, 2021లో అదీ ఆగిపోయింది, ఇప్పుడు మామూలుగా జరుగుతోంది. ఆ సంతల్లో పాత సంచికలు కట్టలుగా పెడతారు. సంచిక పావుకిలో పైచిలుకు ఉంటుంది, పది సంచికలంటే సూట్‌కేసులో ఒక మూల. ఎవరైనా సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకొస్తారు. అంతకంటే నమ్మకమైన టపా నాకు తెలియదు.

ఇక్కడి దారులూ ఉన్నాయి. హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో చుట్టూ మన వాళ్ళు చాలామంది ఉన్నారు. విజయవాడ, విశాఖ వైపూ పాత హామ్‌లు ఉన్నారు. ఎవరైనా సైలెంట్ కీ అయితే, అంటే కాలం చేస్తే, ఇంట్లో వాళ్ళకు ఆ పత్రికలు ఏం చేయాలో తెలియదు. కిలోల లెక్కన పోతాయి. కరోనాలో మనవాళ్ళు కొందరు వెళ్ళిపోయారు. వాళ్ళ కుటుంబాలను మర్యాదగా అడిగి, పత్రికలు తీసుకుని, అవసరమైన వాళ్ళకు చేర్చడం మనం చేయాల్సిన పని. నాకు దొరికిన 8లో నాలుగు అలా ఒక పెద్దాయన ఇంటినుంచి వచ్చినవే. ఆయన పెన్సిల్‌తో మార్జిన్లలో రాసుకున్న కెపాసిటర్ విలువలు అలాగే ఉన్నాయి. నా కాపీ కంటే అదే నాకు ఎక్కువ.

ఇంత తాపత్రయం ఎందుకని ఈ తరం వాళ్ళు అడగవచ్చు. మీరు మీ నాన్నగారి కోసం అడుగుతున్నారు కాబట్టి మీకు చెప్పనక్కర్లేదు, అయినా రాస్తాను. ఆ రోజుల్లో విదేశీ రేడియో సెట్టు కొనడం మన వల్ల అయ్యేది కాదు. 807 వాల్వు (పాతకాలం రేడియోల్లో వాడే గాజు గొట్టం) సంపాదించి, పాత రేడియోల కాయిళ్ళు విప్పి, పత్రికలో వచ్చిన సర్క్యూట్ చూసి ట్రాన్స్‌మిటర్ కట్టుకునేవాళ్ళం. ఒక్క సంచిక ఊరంతా తిరిగేది, జిరాక్సు మీద జిరాక్సు తీసి గీతలు కలిసిపోయేదాకా. 2004 డిసెంబరులో హైదరాబాద్ నుంచి భారతీ ప్రసాద్ గారి బృందం హామ్ రేడియో కోసం అండమాన్ వెళ్ళి ఉండగా సునామీ వచ్చింది. ఫోన్లు పనిచేయని ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి వాళ్ళు రేడియో మీద కబుర్లు అందించారు. ఆ సంగతి విదేశీ పత్రికల్లో చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. నాన్నగారి బీరువాలో ఆ సంచికలు ఉండే ఉంటాయి.

డబ్బు సంగతి. తపాలా వాళ్ళనుంచి ఏమీ రాదు. నంబరు లేని అచ్చు కాగితాలకు నష్టపరిహారం ఉండదు, నంబరు ఉన్నవాటికి కూడా పంపినవాళ్ళు ఆరు నెలల్లోపు అడగాలి. ప్రకాశకులు నగదు వెనక్కివ్వడం అరుదు, చందా గడువు పెంచడం మామూలు. అది అడగండి. ఎన్ని సంచికలు నిజంగా పోయాయో నంబర్లతో చూపిస్తే అన్ని నెలలు కలుపుతారు. కార్డు బ్యాంకు ద్వారా వివాదం పెట్టే గడువు ఎప్పుడో అయిపోయింది, అటు వెళ్ళకండి.

ఇకముందు ప్రింటా, డిజిటలా? నాన్నగారి వయసు చూస్తే నా అభిప్రాయం స్పష్టం. ప్రింటు ఆపకండి, కానీ మూడేళ్ళ చందా కట్టకండి. తగ్గింపు కోసం ఎక్కువ ఏళ్ళకు కట్టిన వాళ్ళందరం 2020లో ఇబ్బంది పడ్డాం. ఏడాదికే కట్టండి, గడువుకు మూడు నెలల ముందే, ఆన్‌లైన్‌లో. చాలా పత్రికలు ఇప్పుడు ప్రింటుతోపాటు డిజిటల్ కాపీ కూడా ఇస్తున్నాయి. ఉదాహరణకు 1915 నుంచి వస్తున్న, అమెరికా హామ్‌ల సంఘం పత్రిక క్యూఎస్‌టీ 2012 నుంచి సభ్యులకు డిజిటల్‌గానూ అందుతోంది. అలాంటి సౌకర్యం ఉంటే ప్రతి నెలా మీరు దించి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. కొన్నిటిలో చందా ఆగిన రోజు పాత సంచికలు కూడా తెరుచుకోవు. దొరకని సంచికల డిజిటల్ కాపీలోంచి నాన్నగారికి కావాల్సిన వ్యాసాలు పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి ఇవ్వండి. అది సెట్టును పూర్తి చేయదు. చదవాలన్న ఆశ మాత్రం తీరుస్తుంది.

ఇంకొకటి. ఒక పాత డైరీ తీసి, ప్రతి సంచిక వచ్చిన తేదీ, నంబరు, కవరు మీది ముద్ర రాసుకోండి. రేడియో మీద మాట్లాడిన ప్రతి స్టేషన్‌ను నాన్నగారు లాగ్‌బుక్‌లో రాసుకుని ఉంటారు. పత్రికకూ అలాంటిదే. దానికి నంబరు లేదు కాబట్టి, ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలిగే కాగితం ప్రపంచంలో మీ డైరీ ఒక్కటే. నేను 1991 నుంచి రాశాను కాబట్టే ఏది ఆలస్యమో, ఏది పోయిందో తేల్చుకోగలిగాను.

బైండింగ్ ఇప్పుడే చేయించకండి. రాని సంచిక చోట అదే సైజు తెల్ల అట్ట పెట్టి, దానిమీద నెల, నంబరు రాసి, ఆ రెండేళ్ళవి దారంతో వదులుగా కట్టి ఉంచండి. నాకు ఒక 2020 సంచిక 2022 వేసవిలో వచ్చింది, కవరు చిరిగి, లోపల శుభ్రంగా.

మీరు సరిచూసిన జాబితా నెలలతో, నంబర్లతో పంపండి. నా దగ్గర అమెరికా పత్రికవి 2020 జూన్, జులై, అక్టోబరు రెండేసి ఉన్నాయి. మీ లెక్కలో అవి ఉంటే ఒక్కో కాపీ నాన్నగారికి స్పీడ్ పోస్టులో పంపుతాను. మీ వీధి పోస్ట్‌మన్ గారే తెచ్చి ఇస్తారు.